వాగు దగ్గర వెనక్కి తిరిగొచ్చాను. కష్టం లేని రైడ్ రైడే కాదా?

కాజీపేట పోరడు
మొన్న ఆదివారం నలుగురం మూడు బండ్ల మీద హన్మకొండ నుంచి బయల్దేరాం. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వైపు. నాది ఎక్స్‌పల్స్, ఒకడిది హిమాలయన్, ఇంకో ఇద్దరు క్లాసిక్ 350 మీద. అప్పటికి నాలుగు రోజులుగా ముసురు. మెయిన్ రోడ్డు వదిలి ఒక ఊరి దారి పట్టాక వాగు అడ్డొచ్చింది. చిన్న కాజ్‌వే, అంటే వాగు మీద ఎత్తు తక్కువ సిమెంటు దారి, దాని మీదుగా నీళ్లు పారుతున్నాయి. ఎర్రటి నీళ్లు, కింద సిమెంటు ఎక్కడుందో కనపడటం లేదు. గట్టు మీద ఒక పెద్దాయన గొంగడి కప్పుకొని మేకలు కాస్తున్నాడు. "పైన వాన పడ్డది బిడ్డా, ఇయ్యాల పోకుండ్రి, తెల్లారి పోండ్రి" అన్నాడు.

నేను ఆగిపోయాను. మిగతా ముగ్గురు దిగారు. క్లాసిక్ మధ్యలో ఆగిపోతే వెనక కూర్చున్నవాడు దిగి తోశాడు. నడుము దాకా తడిశారు కానీ అవతలి గట్టు ఎక్కారు. నేను ఒక్కడినే నూరు కిలోమీటర్లు వెనక్కి ఇంటికి వచ్చేశాను.

అప్పటి నుంచి గ్రూపులో ఇదే ముచ్చట. "మాది అడ్వెంచర్, నీది పిక్నిక్" అని ఒకడు, "కష్టం లేని రైడ్ రైడే కాదు" అని ఇంకొకడు. మూడేళ్లు జీతంలో మిగుల్చుకుని ఈ బండి కొన్నాను. పార్కింగ్‌లో దాన్ని చూస్తే ఇప్పుడు ఏదోలా ఉంటోంది. బండి మీద తిరగడానికి విలువ కష్టం వల్లే వస్తుందా? వెనక్కి తిరిగినందుకు నేను ఏదైనా పోగొట్టుకున్నానా? తిరిగినవాళ్లు చెప్పండి.

బుల్లెట్ బాపు
ప్రాణంతో ఇంటికొచ్చావు తమ్మీ. నాకు ఆ మాట చాలు.

ఓరుగల్లు సంచారి
వెనక్కి తిరగడం తప్పని నేను అనను. అయితే మీవాళ్ల మాటలో కొంత నిజముంది, అది కూడా చెప్పాలి కదా.

రామప్పకు నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. కళ్ల ముందు కదిలేది మాత్రం ఒక్కసారి వెళ్లిందే. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, ఆ వారమే వెళ్లాం. తిరుగు దారిలో చీకటి పడ్డాక చైన్ తెగింది. వాన. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఒక రైతు ఇంటి అరుగు మీద పడుకున్నాం. అన్నం, పచ్చిపులుసు, కాల్చిన ఎండుమిరపకాయ పెట్టారు. తెల్లారి ఆయనే తన బండి మీద ములుగు తీసుకెళ్లి లింక్ ఇప్పించాడు. ఈరోజుకీ ఆ ఇంట్లో పెళ్లి జరిగినా పేరంటం జరిగినా నాకు ఫోన్ వస్తుంది. చైన్ తెగకపోతే ఆ ఇంటి ముందు నుంచే 70 స్పీడులో వెళ్లిపోయేవాడిని.

టెడ్ సైమన్ అనే ఆయన 1973లో 500 సీసీ ట్రయంఫ్ మీద బయల్దేరి నాలుగేళ్లు ప్రపంచం చుట్టాడు. దారిలో బండి పాడైంది, బ్రెజిల్‌లో జైల్లో కూడా పెట్టారు. అవన్నీ తీసేస్తే ఆ యాత్రలో మిగిలేది తారు రోడ్డే. కష్టం మనల్ని ఆపుతుంది. ఆగినప్పుడే కదా పక్కన మనిషి కనపడేది.

నక్కలగుట్ట మెకానిక్
సంచారి తమ్మీ, నీ కథ బాగుంది. కానీ చైన్ ఊరికే తెగదు. నెలల ముందు నుంచి చెబుతూనే ఉంటుంది. వెనక స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రం మీద చైన్‌ను వేలితో పట్టి వెనక్కి లాగి చూడు. పళ్లకు అంటుకుని కదలకుండా ఉంటే మంచిది. సగం పన్ను బయటికి కనపడేంత లేచిందంటే దాని పని అయిపోయింది. పళ్లు కొడవలి కొనలా వంగి ఉన్నా అంతే.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదిమందికి ఎనిమిది మంది ఫాగ్ లైట్లు, సైడు పెట్టెలు, పొడుగు అద్దం పెట్టించుకుంటారు. క్లచ్ వైరు మారుద్దాం, కొస దగ్గర పోగులు లేస్తున్నాయి అంటే "వచ్చాక చూద్దాం అన్నా" అంటారు. అదే వైరు జోడేఘాట్ ఎక్కేటప్పుడు తెగితే అడ్వెంచర్ అని ఫొటో పెడతారు. బద్ధకం వల్ల వచ్చిన కష్టాన్ని యాత్ర ఖాతాలో రాయొద్దు.

అందరికీ ఒక పని చెబుతా. కొత్త క్లచ్ వైరు కొని పాతదాని పక్కనే, అదే దారిలో హ్యాండిల్ దాకా పడుకోబెట్టి, రెండు కొసలకు టేపు చుట్టి వదిలేయండి. పాతది తెగిన రోజు కొసలు మార్చుకుంటే పది నిమిషాల్లో కదులుతారు. ట్యాంకు విప్పే పని ఉండదు.

ఓరుగల్లు సంచారి
అన్నా, చైన్ విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఆ ఇంటి పరిచయం మాత్రం అబద్ధం కాదు కదా.

నక్కలగుట్ట మెకానిక్
కాదు. కానీ మంచి నీళ్లు అడగడానికి ఆగినా ఆ తలుపు తెరిచేవాళ్లు.

మూడో షిఫ్టు
గోదావరిఖని నుంచి. నాది గనిలో పని. నైట్ షిఫ్టు దిగి నిద్ర లేకుండా నాగపూర్ రైడుకు బయల్దేరాను ఒకసారి. నిద్ర ఆపుకోవడం మగతనం అనుకునే వయసు. ఆదిలాబాద్ దాటాక నాలుగు లేన్ల రోడ్డు, చలిగాలి, ఇంజన్ ఒకే శబ్దం. కన్ను మూతపడినట్టు కూడా తెలియలేదు. టైరు రోడ్డు అంచు దిగి కంకర మీద గరగర మన్నాక మెలకువ వచ్చింది. 80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కన్ను మూస్తే 66 మీటర్లు ఎవరూ నడపని బండి మీద ఉన్నట్టు. ఆ 66 మీటర్లలో ఎదురుగా ఒక మనిషి సైకిల్ తోసుకుంటూ వస్తూ ఉంటే?

24 గంటల్లో 1,000 మైళ్లు, అంటే 1,610 కిలోమీటర్లు నడిపితే సర్టిఫికెట్ ఇస్తారు, దాని కోసం కుర్రాళ్లు ప్రయత్నిస్తున్నారు. ముందు వారం రోజులు నిద్ర సరిచేసుకుని, ఎక్కడ ఆగాలో రాసుకుని చేసేవాళ్లను నేను గౌరవిస్తాను. అలసటను ఓర్చుకోవడమే గొప్ప అనుకుని బయల్దేరేవాళ్లను ఆపండి. అలసట తట్టుకునేది కాదు, ముందు తెలివినే తీసేస్తుంది. తెలివి పోయిందని తెలుసుకునే తెలివి కూడా ఉండదు.

బుల్లెట్ బాపు
ఇది నిజం. నిద్రొస్తే బండి పక్కకు తీసి చెట్టు కింద అరగంట పడుకోవాలి. నేను వేపచెట్టు కనపడితే చాలు ఆగుతా, మా ఇంట్లోవాళ్లు నన్ను వేపచెట్టు బాపు అంటారు.

ఏజెన్సీ పంతులమ్మ
నేను ములుగు జిల్లా లోపలి ఊళ్లో టీచర్‌ని. ఈ వేదికలో ఎప్పుడూ చదవడమే తప్ప రాయలేదు. వాగు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మీరు చెప్పిన లాంటి వాగు నా బడి దారిలో ఒకటుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా దాన్ని చూశాకే మా రోజు మొదలవుతుంది. అడవి గుట్టల మీద పడ్డ వాన అంతా ఒక్క ఇరుకు దారిలోకి దిగుతుంది. మన దగ్గర ఎండ కాస్తున్నా పైన కురిస్తే గంటలో వాగు మారిపోతుంది. ముందు రంగు మారుతుంది. తర్వాత ఎండుటాకులు, పుల్లలు, నురగ కొట్టుకొస్తాయి. పుల్లలు కనపడ్డాయంటే నీళ్లు ఇంకా పెరుగుతున్నాయని అర్థం. మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు. ఆ మేకల పెద్దాయన మిమ్మల్ని భయపెట్టలేదు, తనకు కనపడింది చెప్పాడు.

2023 జులై చివరి వారం గుర్తు చేసుకోండి. మా జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన. రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు ఎక్కడా నమోదు కాలేదు. భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరికి ఊరు మునిగితే జనం ఇళ్ల పైకి ఎక్కి నిలబడ్డారు, పడవలు, హెలికాప్టర్లు వచ్చి తీశాయి. జంపన్నవాగు పొంగి కొండాయిలో మనుషులు కొట్టుకుపోయారు. ఆ తర్వాత కొన్ని నెలల పాటు నా క్లాసులో వాన చప్పుడు పెద్దదైతే పిల్లలు పలకలు సంచిలో పెట్టేసేవాళ్లు.

మా ఏఎన్ఎం అమ్మాయి టీకాల డబ్బా తల మీద పెట్టుకుని వాగు దాటుతుంది, తాడు పట్టుకుని, అవతల ఇద్దరు నిలబడితేనే. ఆమెకు అక్కడ వేరే దారి లేదు. మీకుంది. మీరు కొట్టుకుపోతే మిమ్మల్ని వెతకడానికి దిగేది మా ఊరి మగపిల్లలే. కాజీపేట బాబూ, నువ్వు ఆగినందుకు నీకు తెలియకుండానే మా ఊళ్లో ఎవరికో ఒక రాత్రి నిద్ర మిగిల్చావు.

కాజీపేట పోరడు
మేడమ్, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. థ్యాంక్స్.

లద్దాఖ్ రెండుసార్లు
ఆ మేకల పెద్దాయన చెప్పిన "తెల్లారి పోండ్రి" హిమాలయాల్లో కూడా పనికొస్తుంది. మనాలీ నుంచి లేహ్ దారిలో రోడ్డు మీదుగా పారే నీళ్లు మంచు కరిగి వచ్చేవి. పొద్దున చలికి తక్కువగా ఉంటాయి, ఎండ ఎక్కాక మధ్యాహ్నం ఉధృతం. అక్కడి డ్రైవర్లు కూడా సాయంత్రం ఆగి పొద్దున దాటుతారు.

మా కథ చెబుతాను. 2019లో మొదటిసారి ఐదుగురం. మనాలీలో పొద్దున బయల్దేరి ఒక్క రోజులో సర్చు వెళ్లిపోయాం. మనాలీ సుమారు 2,000 మీటర్లు, సర్చు 4,300 దాకా. శరీరం సర్దుకోవడానికి టైమే ఇవ్వలేదు. రాత్రి మాలో ఒకడికి తలనొప్పి, వాంతులు. "కష్టపడటానికే వచ్చాం కదా, ఓర్చుకుంటా" అన్నాడు. మేం కూడా శభాష్ అన్నాం. ఆ శభాష్ నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తెల్లవారుజామున లేపితే నడవలేక తాగినవాడిలా తూలుతున్నాడు. తలనొప్పి వస్తే ఇంకా పైకి ఎక్కకూడదు, తగ్గకపోతే వెంటనే దిగాలి. సర్చుతో చిక్కేమిటంటే ముందుకు పోయినా కనుమ ఎక్కాలి, వెనక్కి పోయినా 4,890 మీటర్ల బారాలాచా ఎక్కి దిగాలి. టెంటు నడిపే ఆయన జీపులో పడుకోబెట్టి కేలాంగ్ దింపాడు. బతికాడు. కిందికి దిగుతున్న కొద్దీ మాటలు సరిగ్గా రావడం మొదలైంది.

రెండోసారి వెళ్లినప్పుడు దారిలో రెండు చోట్ల, లేహ్‌లో ఇంకో రెండు రోజులు ఊరికే కూర్చున్నాం. తర్వాతే 17,582 అడుగుల ఖర్దుంగ్ లా కనుమ. అక్కడ గాలిలో ఆక్సిజన్ మన ఊళ్లో దొరికేదాంట్లో సగమే. ఆ సగం గాలితో బండి దిగి పది అడుగులు నడవడమే కష్టం. ఆ కష్టం నాకు ఇష్టం, ఎందుకంటే సిద్ధపడి వెళ్లాను. మొదటిసారిది కష్టం కాదు, తెలియనితనం.

ఓరుగల్లు సంచారి
లద్దాఖ్ అన్నా, మీ మాటే నా మాట. సిద్ధపడి ఎదుర్కొనే కష్టమైనా కష్టమే కదా. మనాలీ-లేహ్ దారిలో తాండి పెట్రోలు బంకు దగ్గర "ముందు బంకు 365 కిలోమీటర్లు" అని బోర్డు చూడగానే కడుపులో కలిగే గుబులు, క్యాన్‌లో పెట్రోలు కట్టుకునేటప్పుడు చేతులకు వచ్చే జాగ్రత్త. ఏసీ కారులో పోయేవాడికి అది లేదు.

లద్దాఖ్ రెండుసార్లు
దాన్ని నేనెప్పుడూ కాదనను.

మంచిర్యాల హంటర్
ఇక్కడ అందరూ కష్టం అంటే వాగు, కొండ, చైన్ అంటున్నారు. నేను ఆడదాన్ని, ఒక్కదాన్నే తిరుగుతాను. నా కష్టాల లిస్టు వేరు.

గత చలికాలం ఉట్నూరు, జోడేఘాట్, కెరమెరి తిరిగొద్దామని రెండు రోజులు పెట్టుకున్నాను. ఒక టౌన్‌లో లాడ్జివాళ్లు "ఒంటరి ఆడవాళ్లకు రూమ్ ఇవ్వం" అన్నారు. పక్కదాంట్లో "మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడించండి" అన్నారు. నాకు 34 ఏళ్లు, బ్యాంకులో పని చేస్తాను, నా సంతకంతో లోన్లు పాసవుతాయి. బంకుల్లో బాత్రూముకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఇది తప్పించుకోవడానికి నీళ్లు తక్కువ తాగి తలనొప్పి తెచ్చుకోవడం నాకు అలవాటైంది. సంచారి గారూ, ఈ కష్టం నన్ను ఏ మనిషికీ దగ్గర చేయలేదు. ఇది పోవాలి, అంతే.

అదే ట్రిప్‌లో మంచి ముక్క ఏమిటంటే కెరమెరి ఘాట్. పొద్దున ఏడు గంటలు, పొగమంచు, టేకు ఆకుల మీద నుంచి నీళ్లు హెల్మెట్ మీద టపటప పడుతున్నాయి. మలుపు తిరిగితే కింద లోయంతా తెల్లగా, ఒక్క గుడిసె కప్పు మాత్రం తేలుతోంది. బండి ఆపి ఇరవై నిమిషాలు నిలబడ్డాను. అక్కడ నాకు కష్టమే లేదు. నా జీవితంలో అంతకన్నా మంచి రైడింగ్ లేదు.

ఓరుగల్లు సంచారి
అక్కా, ఇది నేను ఆలోచించలేదు. ఎంచుకున్న కష్టం వేరు, ఎవరో మన మీద పెట్టే కష్టం వేరు. రెంటినీ ఒకే మాటతో పిలవడం నా తప్పు.

పత్తిచేను
మాది ఆదిలాబాద్ వైపు. కష్టం మీద ఇష్టం ఉన్నవాళ్లందరినీ సెప్టెంబర్‌లో మా నల్లరేగడికి ఆహ్వానిస్తున్నాను. వాన పడి ఆగిన గంట తర్వాత చేల మధ్య మట్టి దారి చూడటానికి గట్టిగానే ఉంటుంది. యాభై మీటర్లు పోయాక ముందు చక్రం తిరగదు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మట్టి గడ్డకట్టిన బెల్లంలా బిగుసుకుంటుంది. తోసినా రాదు, బండి నిలబడ్డచోటే స్టాండు లేకుండా నిలబడుతుంది. 10 నంబర్ పానాతో ముందు మడ్‌గార్డు విప్పి ట్యాంకు మీద కట్టుకోవాలి. వెనక చక్రానికి కర్రపుల్లతో గీకుతూ పోవాలి. రెండు కిలోమీటర్లకు నాకు మూడు గంటలు పట్టింది.

ఒక గోండు పెద్దాయన చేను కావలి నుంచి దిగొచ్చాడు. ఏమీ అడగలేదు. ముందు సొరకాయ బుర్రలో నీళ్లిచ్చాడు, తర్వాత పుల్ల చెక్కి ఇచ్చాడు, చివరి అరకిలోమీటరు నాతో పాటు తోశాడు. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ చేతుల మీద పత్తికాయ గీరిన గీతలు. నేను సరదాకు పోయాను, ఆయన ఆ మట్టిలో నాలుగు నెలలు నడుస్తాడు. నాకు తోసేటప్పుడు వచ్చిన పౌరుషమంతా ఆ చేతులు చూడగానే దిగిపోయింది.

స్ప్లెండర్ 97
మా నానమ్మ మేడారం ముచ్చట్లు చెప్పేది. రెండేళ్లకోసారి జాతరకు పరకాల వైపు నుంచి ఎడ్లబండి కట్టుకుని పోయేవాళ్లట. అడవిలో చెట్ల కింద నిద్ర, ముగ్గురు పసిపిల్లలు, అమ్మవార్లకు ఇవ్వాల్సిన బంగారం అంటే బెల్లం మూట. చలి, దుమ్ము, దొంగల భయం. ఇన్ని ఉన్నా ఆమె చెప్పినవాటిలో కష్టం ఎక్కడా లేదు. ఏ బండివాళ్లు ఎవరికి చింతపండు అప్పిచ్చారు, ఏ ఎద్దు ఎవరి మాట వినేది, జంపన్నవాగులో స్నానం చేశాక ఎంత తేలికగా అనిపించింది, ఇవే. నాకు దీంట్లో ఏదో ఉందనిపిస్తుంది కానీ సరిగ్గా చెప్పలేను. మొక్కు ఉన్నవాళ్లు కష్టాన్ని లెక్క పెట్టుకోరేమో.

బుల్లెట్ బాపు
ఏ ఎద్దు ఎవరి మాట వినేదో మా నాయన కూడా చెప్పేవాడు. మంచి మాట గుర్తు చేశావు తమ్మీ.

పాత పుస్తకాలు
స్ప్లెండర్ గారి మాటకు ఒకటి కలుపుతాను. ఏనుగుల వీరాస్వామి గారు 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు. పల్లకీలో, వెంట పెద్ద పరివారంతో, హైదరాబాదు, నాగపూరు మీదుగా. అంటే మన నలభై నాలుగో నంబరు హైవే ఉన్న వైపే. పదిహేను నెలల ప్రయాణం, వానలు, నదులు, రోగాలు. ఆయన రాసిపెట్టింది చదివితే ఎక్కువగా కనపడేవి ఏమిటంటే ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, ఏ దారి ఎలా ఉంది. తన కష్టాన్ని తర్వాత వచ్చేవాడికి ఉపయోగపడేలా మార్చి పెట్టారు. మనం వాగు మధ్యలో తీసిన వీడియో పెడతాం. ఏ నెలలో ఎంత లోతు, ఎటు చుట్టు దారి ఉంది అని రాయం. రాస్తే బాగుంటుంది.

వెనక సీటు
ఇక్కడిదాకా చదివి ఇక ఉండలేక ఖాతా తెరిచాను. క్లాసిక్ వెనక కూర్చుని, దిగి తోసింది నేనే.

కాజీపేటోడా, జరిగింది పూర్తిగా నీకు ఎవరూ చెప్పలేదు. నీళ్లు మోకాలు దాటగానే బూటు కింద ఇసుక కదిలిపోవడం తెలుస్తుంది. కాలు పెట్టిన చోట నేల ఉంటుంది, బరువు వేసేసరికి ఉండదు. బండి సగంలో ఆగింది. వాడు భయంతో సెల్ఫ్ బటన్ రెండుసార్లు నొక్కాడు, టక్ మని ఆగింది, తిరగలేదు. నేను దిగి వెనక క్యారియర్ పట్టుకున్నాను. ఎడమ కాలు జారి కాజ్‌వే అంచు దాటింది. అక్కడ కింద ఏమీ లేదు. తొడ దాకా ఖాళీలోకి పోయింది. క్యారియర్ కడ్డీ పట్టుకునే ఉన్నాను కాబట్టి లేచాను. ఆ కడ్డీ రంగు, దాని మీద తుప్పు మచ్చ ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. మా అమ్మకు చెప్పలేదు.

అవతల గట్టు ఎక్కి కేక వేశాం, వీడియో తీశాం. అరగంటలో వాగు ఇంకో రెండు అడుగులు పెరిగింది. రాత్రి ఆ ఊళ్లోనే ఉండిపోయాం. బండి స్టార్ట్ కాలేదు. మర్నాడు నీళ్లు తగ్గాక ట్రాక్టర్‌కు కట్టి ఇవతలికి తెచ్చారు. మేకల పెద్దాయన పొద్దున్నే వచ్చి గట్టు మీద ఉన్నాడు. మేం వచ్చేదాకా చూసి, ఒక్క మాట అనకుండా, మేకలు తోలుకుని వెళ్లిపోయాడు. గ్రూపులో నిన్ను అంటుంటే నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అది నా తప్పు. సారీరా.

నక్కలగుట్ట మెకానిక్
ఆగండి. ఆ బండి ఇప్పుడెక్కడుంది? తర్వాత స్టార్ట్ చేశారా?

వెనక సీటు
హన్మకొండలో వాళ్ల ఇంట్లో ఉంది అన్నా. ఆటో ట్రాలీలో తెచ్చాం. రేపు కిక్... సెల్ఫ్ కొట్టి చూద్దాం అంటున్నాడు.

నక్కలగుట్ట మెకానిక్
ఎవరూ ముట్టుకోవద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేదు, నీళ్లు గాలిలా నలగవు. బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. టక్ మని ఆగిందన్నావు చూడు, అది అదే. ప్లగ్ విప్పాలి, విప్పిన రంధ్రం నుంచి నీళ్లు చిమ్మడం ఆగేదాకా ఇంజన్ తిప్పాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి ఆరబెట్టాలి. కింద ఆయిల్ చూసే గాజు ఉంటుంది కదా, అందులో ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనపడితే నీళ్లు కలిసినట్టే. మొత్తం ఆయిల్, ఫిల్టర్ మార్చి, కాసేపు తిప్పి, మళ్లీ మార్చాలి. వాడితో చెప్పు, బండి తోసుకుని నా దగ్గరికి రమ్మను. తిట్టను.

కాజీపేట పోరడు
నువ్వు జారావని నాకు తెలియదురా. వీడియోలో అది లేదు. పొద్దున ఫోన్ చెయ్యి.

పైన అందరూ రాసింది రెండుసార్లు చదివాను. సంచారి అన్నా, మీరు చెప్పిన అరుగు మీద రాత్రి లాంటిది నాకూ కావాలి, దాచుకోను. నాకు సులువైన రైడ్లే కావాలని ఎప్పుడూ లేదు. కానీ ఆ రోజు ఆ నీళ్లలోకి దిగి ఉంటే పెద్దాయన మాట తీసి పారేసినట్టు అయ్యేది. ఆ దారిలో ఆరోజు మమ్మల్ని పలకరించిన ఒకే ఒక్క మనిషి ఆయన. ఆయన చెప్పింది విన్నందుకు నేనేమీ పోగొట్టుకోలేదు అనిపిస్తోంది ఇప్పుడు.

ఓరుగల్లు సంచారి
తమ్మీ, నేను అరుగు మీద పడుకున్నానని గొప్పగా రాశాను. నువ్వు గట్టు మీద నిలబడి ఒక మనిషి మాట విన్నావు. రెండూ ఒకటే పని. నెక్స్ట్ రైడుకు నన్ను కూడా పిలువు.

మంచిర్యాల హంటర్
నన్ను కూడా. కెరమెరి నేను చూపిస్తాను. రూమ్ మాత్రం మీరు మాట్లాడండి, ఈసారి నేను దూరంగా నిలబడి చూస్తాను వాళ్లేం అంటారో.

వెనక సీటు
ముందు ఆ ఊరికి వెళ్లాలి. ట్రాక్టర్ ఆయన డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. రాత్రి మాకు పెట్టిన కోడిగుడ్డు కూరకు వాళ్లింట్లో ఉన్న గుడ్లన్నీ అయిపోయాయని పొద్దున చిన్నపిల్ల చెప్పింది. ఊరికే పోవడం కాదు, ఏం తీసుకెళ్లాలో చెప్పండి ఎవరైనా.

ఏజెన్సీ పంతులమ్మ
డబ్బులివ్వకండి, నొచ్చుకుంటారు. పిల్లలకు నోటు పుస్తకాలు, పెద్దాయనకు మంచి టార్చిలైటు తీసుకురండి. రాత్రిళ్లు వాగు చూడటానికి అదే కావాలి.

దసరా దాటాక రండి. అప్పటికి నీళ్లు చీలమండ దాకా దిగి తేటబడతాయి. కాజ్‌వేకు ఎడమ వైపు అంచున రెండు సున్నం రాళ్లుంటాయి, అవి కనపడితే ధైర్యంగా దాటొచ్చు.